ఏటి వంపుకి రెండు ఒడ్లూ కావాలి

మా అమ్మ తరఫువాళ్ళ ఊరు పద్మనాభం దాటాక, గోస్తనీ ఏటి పక్కన ఉంటుంది. ఈ ఎండాకాలం ఆ ఊరివాళ్ళు ఒక అర్జీ రాశారు. మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టి, విశాఖలో ఉంటున్నవాళ్ళం కూడా సంతకాలు చేయాలన్నారు. అందులో అడిగినవి రెండు. ఊరి దగ్గర వంపులో కోసుకుపోతున్న గట్టుకి రాతి గోడ కట్టాలి. ఎదుటి ఒడ్డున పేరుకున్న ఇసుక మేటని తవ్వించేసి ఏరు తిన్నగా పోయేలా చేయాలి. నేను సంతకం పెట్టలేదు. ఎందుకు పెట్టలేదో గ్రూపులో నాలుగు ముక్కల్లో చెప్పడం కుదరదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. వంపులో బయటి గట్టు కోసుకుపోవడం, లోపలి ఒడ్డున ఇసుక మేట వేయడం ఒకే నీటి కదలిక ఒకేసారి చేసే పని. దాన్ని రెండు సమస్యలుగా విడదీసి, ఇటు గోడ కట్టి అటు ఇసుక తవ్వేస్తే బాగుపడుతుందనుకోవడం దగ్గరే లెక్క తప్పుతోంది. గోస్తనీ, శారద, వరాహ, తాండవ లాంటి మన చిన్న నదులకి వంపుల దగ్గర కాస్త జాగా వదలడం తప్ప ఎక్కువకాలం నిలిచే దారి నాకు కనిపించడం లేదు. జాగా వదలడం అంటే ఎవరో ఒకరి పొలం వదలడమేనని నాకు తెలుసు. ఆ మాటకీ వస్తాను.

నీళ్ళు అడుగున చేసే పని

ఏరు ఎందుకు వంకర తిరుగుతుందని అడిగితే మనలో చాలామంది ఒకటే చెబుతాం: రాయి అడ్డొచ్చింది, కొండ అడ్డొచ్చింది, అందుకని పక్కకి తిరిగింది. అనంతగిరి కొండల్లో, బొర్రా గుహల దగ్గర గోస్తనీ నడకకి ఆ జవాబు చాలావరకు సరిపోతుంది. మైదానంలోకి దిగాక సరిపోదు. అక్కడ అడ్డొచ్చే రాయి లేకపోయినా ఏరు తిరుగుతుంది. అమెరికాలోని విక్స్‌బర్గ్‌లో నదుల మీద ప్రయోగాలు చేసే ఒక కేంద్రం ఉంది. అక్కడ ఫ్రీడ్‌కిన్ అనే ఆయన ఇసుకలో తిన్నని కాలువలు తీసి నీళ్ళు వదిలి చూశారు. ఆ కాలువలు మెలికలు తిరిగాయి. ఆయన నివేదిక 1945లో వచ్చింది. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, హిమానీనదాల మీద మంచు కరిగి పారే సన్నని పాయల్లో మోసుకుపోవడానికి ఇసుకే ఉండదు, అయినా అవీ వంకర్లు తిరుగుతాయి. మెలిక తిరగడం పారే నీటి స్వభావంలోనే ఉంది. ఇసుక, మట్టి ఆ స్వభావానికి ఆకారం ఇస్తాయి.

వంపులోకి వచ్చిన నీరు తిన్నగా పోవాలని చూస్తుంది కాబట్టి బయటి గట్టు మీదికి తోసుకొస్తుంది. దాంతో బయటి వైపు నీటిమట్టం కొంచెం లేస్తుంది. ఎంత లేస్తుందో నేను లెక్క వేసి చూశాను. ఏరు వెడల్పు 50 మీటర్లు, వంపు వ్యాసార్థం 125 మీటర్లు, వరద వేగం సెకనుకి 2 మీటర్లు అనుకుంటే బయటి ఒడ్డు దగ్గర నీరు లోపలి ఒడ్డు కంటే 16 సెంటీమీటర్లు ఎత్తులో ఉంటుంది. కంటికి ఆనదు. కానీ వంపులో జరిగేదంతా ఆ కొద్దిపాటి ఎత్తుతోనే మొదలవుతుంది.

ఎత్తుగా ఉన్న నీరు మళ్ళీ లోపలి ఒడ్డు వైపు నెడుతుంది. ఆ నెట్టుడు పైనుంచి అడుగు దాకా దాదాపు ఒకేలా ఉంటుంది. నీటి వేగం మాత్రం అలా ఉండదు. పైన వేగం ఎక్కువ, అడుగున ఇసుక రాపిడికి తక్కువ. కాబట్టి పైనున్న నీరు బయటికి పోవడంలో గెలుస్తుంది. అడుగు నీటికి ఆ శక్తి చాలదు, అది లోపలి ఒడ్డు వైపు జారిపోతుంది. పై నీరు బయటి గట్టుని కొట్టి కిందికి దిగుతుంది, దిగినది అడుగున లోపలికి తిరుగుతుంది, ఇదంతా ముందుకి పారుతూనే. మొత్తం మీద నీరు తాడు పేనినట్టు మెలిపడుతూ వంపు దాటుతుంది. దిగే చోట గట్టు పాదం కోసుకుపోయి మడుగు పడుతుంది. అడుగున లోపలికి జారే నీరు ఇసుకని ఈడ్చుకుంటూ పోయి, లోతు తగ్గి వేగం చచ్చిన చోట వదిలేస్తుంది. అదే మేట.

దీన్ని ఇంట్లోనే చూడొచ్చు. గాజు గ్లాసులో నీళ్ళు పోసి, చిటికెడు టీ పొడి వేసి, చెంచాతో గట్టిగా తిప్పి వదిలేయండి. తిరిగే నీళ్ళలో పొడి అంచులకి పోతుందనుకుంటాం. అడుగున మధ్యకి వచ్చి కుప్పపడుతుంది. 1926లో ఐన్‌స్టీన్ నదుల వంకర్ల మీద రాసిన చిన్న వ్యాసంలో ఈ ఉదాహరణే తీసుకున్నారు. ఆయన కంటే యాభై ఏళ్ళ ముందే, 1876లో, జేమ్స్ థామ్సన్ ఇదే వివరణ ఇచ్చారు. భౌతిక శాస్త్రవేత్త లార్డ్ కెల్విన్‌కి అన్నగారు ఆయన. ఐన్‌స్టీన్ కొడుకు హాన్స్ ఆల్బర్ట్ అయితే నది అడుగున ఇసుక ఎలా కదులుతుందన్న లెక్కలకే జీవితం ఇచ్చేశారు. ఏటి అడుగు సంగతి చిన్న విషయం కాదని చెప్పడానికే ఈ పేర్లు తెచ్చాను.

ఇసుక ట్రాక్టర్లు తోలేవాళ్ళకి ఈ సిద్ధాంతం పేరు తెలియకపోవచ్చు, ఫలితం మాత్రం బాగా తెలుసు. మేటకి ఎగువ కొసన ముతక ఇసుక, దిగువ తోక వైపు సన్న ఇసుక ఉంటుంది. శ్లాబుకి ఎక్కడ ఎత్తాలో, ప్లాస్టరింగుకి ఎక్కడ ఎత్తాలో వాళ్ళు కళ్ళు మూసుకుని చెబుతారు. జల్లెడ లేకుండా నీరు చేసిపెట్టిన పని అది.

ఇంకొకటి. ఎక్కువ కోత సరిగ్గా వంపు నడుమ పడదు, కాస్త దిగువకి పడుతుంది. అందుకే వంపు ఉన్నచోట ఉండదు, ఏడాదికి కొంత కొంత దిగువకి జరుగుతూ పోతుంది. ఫ్రీడ్‌కిన్ ప్రయోగాల్లో బయటపడిన ఒక సంగతి నా ఆలోచనకి మూలం. ఒక గట్టు నుంచి ఊడిన ఇసుక ఏరు దాటి ఎదుటి మేటకి చేరదు. చాలావరకు అదే ఒడ్డు వెంట దిగువకి పోయి, తర్వాతి వంపులో మేటగా నిలుస్తుంది. అంటే మా ఊరి ఎదుట పెరిగిన మేటలో ఉన్నది మావాళ్ళ పొలం మట్టి కాదు. అది ఎగువ వంపు నుంచి వచ్చింది. మావాళ్ళ గట్టు నుంచి పోయింది కింది ఊరి దగ్గర ఉంది. వంపులు ఒకదాని చేతి నుంచి ఇంకొకటి అందుకుంటున్నాయి. అర్జీ రాసినవాళ్ళు ఒక వంపునే చూశారు.

చినమావయ్య వాదన

అర్జీ రాసింది మా చినమావయ్య. ఆయన ఎకరం పైచిలుకు చేను ఆ బయటి గట్టు మీదే ఉంది. ఫోన్ చేసి మాట్లాడాను.

"నువ్వు పుస్తకాల్లో చదివింది కాదమ్మా, నేను కళ్ళతో చూసింది చెప్తన్నాను. ఆ మేట లేనప్పుడు నీళ్ళు ఏరంతా పరుచుకుని పోయేవి. మేట పెరిగే కొద్దీ మా వైపుకి నెట్టేస్తంది. దాన్ని తీసేస్తే గట్టు నిలబడదా?"

ఈ మాటని నేను తేలిగ్గా తీసేయలేను. ఆయన చూసింది నిజం. 1983లో డీట్రిక్, స్మిత్ అనే ఇద్దరు పరిశోధకులు మేట ప్రభావం గురించి రాసిన పత్రం సరిగ్గా ఇదే చెబుతుంది. అమెరికాలో వయోమింగ్‌లోని మడ్డీ క్రీక్ అనే చిన్న ఏటిలో కొలతలు తీసి, మేట మీదికి ఎక్కిన నీరు లోతు తగ్గేసరికి పక్కకి, అంటే బయటి గట్టు వైపు మళ్ళుతుందని చూపించారు. నేను పైన చెప్పిన, తాడులా మెలిపడే నీటి కదలికకి ఇది తోడవుతుంది. మేటని నీరు కట్టింది, కట్టిన మేట మళ్ళీ నీటిని తోస్తోంది. పొలం గట్టున నిలబడి ఏళ్ళ తరబడి చూసిన మనిషి ఆ రెండో సగాన్ని చక్కగా పట్టుకున్నాడు.

అయితే మేట తీసేస్తే గట్టు నిలబడుతుందా? ఒక వానాకాలం నిలబడొచ్చు. తర్వాత ఏమవుతుందో చూద్దాం. మేటని పుట్టించిన వంపు అక్కడే ఉంది కాబట్టి నీరు మళ్ళీ అదే పని మొదలుపెడుతుంది. తవ్విన గోతిలోకి ఎగువ నుంచి వచ్చే ఇసుక దిగిపోతుంది. గోతిని దాటిన నీటి దగ్గర ఇసుక బరువు ఉండదు, శక్తి మాత్రం అలాగే ఉంటుంది. ఆ శక్తి కింది ఊరి దగ్గర ఏటి అడుగుని, గట్టుని కోస్తుంది. గోతి ఎగువ అంచు కూడా ఊరుకోదు. అక్కడ వాలు ఎక్కువ కావడంతో అడుగు కోసుకుంటూ ఎగువకి పాకుతుంది. మేట తక్కువగా ఉన్నచోట పెద్ద వరద వంపు చుట్టూ తిరగడం మానేసి మేట మీదుగా అడ్డదారి తీసుకోవచ్చు కూడా. దారి పొట్టిదైతే వాలు పెరుగుతుంది, వాలు పెరిగితే ఎగువన అడుగు దిగుతుంది. అడుగు దిగిందంటే గట్టు ఎత్తు పెరిగినట్టే. ఎత్తయిన గట్టు తేలిగ్గా కూలుతుంది.

ఇక్కడ చినమావయ్యే నాకు ఒక గొప్ప సంగతి చెప్పారు. "గట్టు వరద నాడు పడదమ్మా. వరద తీసాక, ఎండ కాసిన రోజున పెళ్ళలు పెళ్ళలుగా పడతాది." ఇది అక్షరాలా నిజం. వరదలో గట్టు నీళ్ళు తాగి బరువెక్కుతుంది. బయట నీరున్నంతసేపు ఆ నీరే గట్టుకి ఆనుగా ఉంటుంది. మట్టం గబగబా పడిపోతే ఆను పోతుంది, లోపలి నీరు మాత్రం పోలేదు. పాదం అప్పటికే కోసుకుపోయి ఉంటుంది. అప్పుడు కూలుతుంది. అందుకే వరద నాటి ఫొటోలు తీసి అర్జీకి జతచేయడం కంటే, వరద తీసిన రెండో రోజు, మూడో రోజు వెళ్ళి చూడడం ఎక్కువ ఉపయోగం.

"ఇసుక తీస్తే వచ్చే ఏడు ఏరు మళ్ళీ తెస్తాది" అన్నది ఆయన ఇంకో మాట. ఒకప్పటి గోస్తనీకి ఇది సరిపోయి ఉండొచ్చు. తాటిపూడి జలాశయం కట్టాక ఎగువ కొండల నుంచి దొర్లి వచ్చే ఇసుక ఆ చెరువు అడుగున ఆగిపోతుంది. కిందికి వచ్చేది జలాశయానికి దిగువన చేరే గెడ్డలు, అంటే వాగులు, తెచ్చింది, గట్ల నుంచి ఊడింది. అంటే మేట తవ్వి ఇసుక అమ్మితే, ఆ లోటు తీర్చడానికి ఏరు మళ్ళీ ఎవరో ఒకరి గట్టునే కోయాలి. రైవాడ జలాశయం దిగువన శారదకీ ఇదే వర్తిస్తుంది.

ఇసుక అంటే విశాఖవాళ్ళకి అపార్టుమెంటు గుర్తొస్తుంది. నాకు మంచినీళ్ళు గుర్తొస్తాయి. ఏటి ఒడ్డు ఊళ్ళకి తాగునీరు ఇచ్చే ఊటబావులు ఏటి ఇసుకలోనే ఉంటాయి. పైన చుక్క నీరు పారని మే నెలలో కూడా ఆ ఇసుక పొర తన ఖాళీల్లో నీటిని దాచి ఉంచుతుంది. పొర పలచబడితే దాచే చోటు తగ్గుతుంది, అడుగు దిగితే ఊట మట్టం కూడా దిగుతుంది. ఆ నీళ్ళు తాగే ఊళ్ళే మేట తవ్వమని అడగడం చూస్తే నాకు నిజంగా టెన్షన్ వస్తోంది.

కేంద్ర పర్యావరణ శాఖ ఇసుక తవ్వకాల మార్గదర్శకాల్లో కోతకి గురయ్యే చోట్ల, అంటే వంపు బయటి గట్టు లాంటి చోట్ల, తవ్వకూడదని ఉంది. మంచి మాటే. కానీ దాన్ని చదివినవాళ్ళు "అయితే లోపలి ఒడ్డున తవ్వొచ్చు కదా" అని అర్థం చేసుకుంటున్నారు. ఇంతసేపూ చెప్పిందే మళ్ళీ చెబుతున్నాను: లోపలి ఒడ్డు వేరే చోటు కాదు, అదే వంపు.

తిన్నగా చేసిన చోట

ఏటిని తిన్నగా చేస్తే గొడవ వదిలిపోతుందన్న ఆలోచన మనకే వచ్చింది కాదు. ఫ్లోరిడాలో కిసిమీ అనే నది ఉంది. 1940లలో తుఫాన్ల వరదలు చూసి భయపడి, 1962 నుంచి 1971 వరకు దాన్ని తవ్వి తిన్నని కాలువ చేశారు. 166 కిలోమీటర్ల మెలికల నది 90 కిలోమీటర్ల కాలువ అయింది. చుట్టూ ఉన్న చిత్తడి నేలలు ఎండిపోయాయి, చేపలు, నీటి పక్షులు తగ్గిపోయాయి. చివరికి వాళ్ళే ఆ కాలువలో కొంత భాగం పూడ్చి, పాత వంపుల్లోకి మళ్ళీ నీళ్ళు మళ్ళించారు. 1999లో మొదలైన ఆ పని 2021లో పూర్తయింది. తిన్నగా చేయడానికి పట్టిన కాలం కంటే వంకర చేయడానికి రెట్టింపు కంటే ఎక్కువ పట్టింది.

మిసిసిపీ మీద 1930లు, 40లలో వంపులని అడ్డంగా కోసి నదిని దాదాపు 240 కిలోమీటర్లు పొట్టి చేశారు. పొట్టి అయిన నది ఊరుకోలేదు, గట్లు కోసుకుంటూ తన పొడవు మళ్ళీ పెంచుకోవాలని చూసింది. దాన్ని పట్టి ఉంచడానికి మైళ్ళ కొద్దీ కాంక్రీటు పలకల పరుపులు పరవాల్సి వచ్చింది. అమెరికా దగ్గర డబ్బుంది, పరిచారు. గోస్తనీకి ఎవరు పరుస్తారు?

అంత దూరం పోనక్కర్లేదు. మన విశాఖలోనే గంగులగెడ్డ, ఎర్రిగెడ్డ ఉన్నాయి. పేరులో గెడ్డ మిగిలింది, కంటికి కనిపించేది కాంక్రీటు గోడల మధ్య డ్రైను. ఊరి నడుమ ఇళ్ళు కట్టేసుకున్నాక వేరే దారి లేదని ఒప్పుకుంటాను. కానీ పద్మనాభం, భీమిలి మధ్య గోస్తనీకి ఇంకా వంపులున్నాయి, మేటలున్నాయి, మడుగులున్నాయి. దాన్ని ఇంకో డ్రైను చేయమని మనమే అర్జీ పెట్టడం నాకు మింగుడుపడదు.

నది వంపులకి ఒక కొలత కూడా ఉంది. అమెరికా భూగర్భ సర్వే సంస్థలో పనిచేసిన లియోపోల్డ్, ఆయన సహచరులు 1950లు, 60లలో ఎన్నో నదులు కొలిచి చూశారు. ఒక పూర్తి మెలిక పొడవు ఏటి వెడల్పుకి సుమారు 10 నుంచి 14 రెట్లు, వంపు వ్యాసార్థం 2 నుంచి 3 రెట్లు ఉంటాయని తేల్చారు. చిన్న వాగైనా పెద్ద నదైనా దాదాపు అంతే. కాబట్టి ఒక ఏటికి ఎంత జాగా వదలాలన్నది గాలిలో మాట కాదు. గీసి చూపించొచ్చు.

మరి ఆ పొలం సంగతి

ఇక్కడ నా వాదన బలహీనంగా ఉందని మా అక్క అంటుంది. "విశాఖలో ఏసీ గదిలో కూర్చుని ఏటికి జాగా వదలమంటావు, వదిలేది నీ జాగా కాదు కదా" అంది. ఆ మాట తగిలింది, తగలాల్సిందే. చినమావయ్యకి ఆ చేను తప్ప వేరే ఆధారం లేదు. ఏటి స్వభావం గురించి ఎంత చెప్పినా ఆయనకి ధాన్యం రాదు.

నేను గోడలకి వ్యతిరేకం కాదు. వంతెన స్తంభాలు, ఊరి ఇళ్ళు, ఊటబావులు గట్టుకి దగ్గరగా ఉన్నచోట రాతి కట్టడం తప్పదు. అది గట్టు పాదాన్ని, అంటే నీరు పైనుంచి దిగి కోసే చోటుని, బాగా లోతు నుంచి కాపాడేలా ఉండాలి. పైన ఎంత అందంగా కట్టినా పునాది కింద మడుగు పడితే గోడ ముందుకి ఒరిగిపోతుంది. రాతి గోడ ఉన్నచోట మట్టి ఊడదు కాబట్టి ఏరు తన పని గోడ అయిపోయిన చోట మొదలుపెడుతుంది. కింది రైతుని అడగకుండా కట్టే గోడ ఆయన మీదికి సమస్యని తోసేయడమే.

పొలాలున్న చోట మాత్రం ముందుగా చేయాల్సింది గట్టు మీద పచ్చదనం. 2009లో కాలిఫోర్నియాలో పరిశోధకులు ప్రయోగశాలలో ఒక చిన్న నదిని తయారుచేశారు. వట్టి ఇసుకలో వంపులు నిలవవు, ఏరు పాయలు పాయలుగా చెదిరిపోతుంది. అందుకని వాళ్ళు గట్ల మీద అల్ఫాల్ఫా అనే పశుగ్రాసం మొలకలు పెంచారు. వేళ్ళు మట్టిని పట్టుకున్నాక నది ఒకే పాయగా, నెమ్మదిగా, పద్ధతిగా వంపులు తిరిగింది. మన గట్ల మీద రెల్లు, వెదురు, కానుగ ఉండేవి. ఇప్పుడు చాలాచోట్ల అంచు దాకా దున్నేస్తున్నాం. మా ఊళ్ళో కూడా అంతే. అంచు నుంచి కొన్ని మీటర్ల పట్టీ దున్నకుండా వదిలితే కోత ఆగిపోదు, నెమ్మదిస్తుంది. రైతుకి కావాల్సిన కాలం దొరుకుతుంది.

ఆ పట్టీ వదిలిన రైతుకి డబ్బు ఇవ్వాలి. గోడకి నిధులు అడగగలిగినప్పుడు ఆ పట్టీ కొనడానికో, ఏటేటా కౌలు కట్టడానికో అడగడానికి మొహమాటం ఎందుకు? గోడ బిల్లు కాంట్రాక్టరుకి పోతుంది, కౌలు చినమావయ్యకి వస్తుంది. ఈ మాట ఆయనకి చెబితే వెంటనే ఒప్పుకోలేదు. "గోడైతే కనపడతాది. కౌలు ఒక ఏడు ఇచ్చి రెండో ఏడు ఎగ్గొడితే ఎవరిని అడగాలి?" అన్నారు. ఆ భయానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. పరిహారాన్ని అర్జీలోనే లిఖితంగా, సర్వే నంబర్లతో సహా అడగాలి, ఒక్క రైతు కాకుండా ఆ వంపులోనూ కింది వంపులోనూ ఉన్నవాళ్ళంతా కలిసి అడగాలి అని మాత్రం చెప్పాను.

అంతకంటే ముందు ఒక చిన్న పని ఉంది, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. వానలు పడేలోపు గట్టు అంచు నుంచి పొలంలోకి కొలిచి, వంపు పొడవునా వరుసగా గుర్తు రాళ్ళు పాతాలి. వంపు నడుమ కొన్ని, దిగువ కొస వైపు ఎక్కువ. ప్రతి వరద తీసాక, పెళ్ళలు పడడం ఆగాక, టేపు పట్టుకుని అంచు ఎంత దగ్గరికొచ్చిందో నోటుబుక్కులో రాయాలి. ఎదుటి మేటకీ అలాగే, ఎత్తు ఎంత పెరిగిందో. అవతలి ఒడ్డు ఊరివాళ్ళతో కలిసి చేస్తే ఇంకా మంచిది. మూడు నాలుగు వానాకాలాల కొలతలు చేతిలో లేకుండా గోడ ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో, పట్టీ ఎంత వెడల్పు వదలాలో ఏ ఇంజినీరూ సరిగ్గా చెప్పలేడు. టేపు నేను కొనిస్తానన్నాను. రాళ్ళు చినమావయ్య చూస్తానన్నారు.